వార్డు సభ్యుని మీద ఫిర్యాదు: వినేవారెవరు?

కొన్ని వారాల క్రితం మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితం మీద రెండు వైపులా రాసి ఉంది. రాసిన సహోదరి ఒక చిన్న పట్టణంలో నాలుగిళ్లలో పనిచేసుకుని బతుకుతున్న విధవరాలు. ఇంటి మంజూరు జాబితాలో పేరు ఉండాలంటే ఇరవై వేలు ఇవ్వాలని తమ వార్డు కౌన్సిలరు మనిషి అడిగాడట. అప్పు చేసి పన్నెండు వేలు ఇచ్చిందట. మిగతాది ఇవ్వలేకపోయేసరికి పేరు వెనక్కి పోయింది. ఏమయ్యా అని అడగబోతే కౌన్సిలరు ఇంటి ముందు, నలుగురు చూస్తుండగా, నోటికి వచ్చినట్లు తిట్టారని రాసింది. ఆ కౌన్సిలరు ఆమె ఆరాధనకు వెళ్లే సంఘంలోనే ఒక పెద్ద. ఉత్తరం చివర ఇలా ఉంది: "అయ్యగారూ, ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను. ఆయన పేరు వేసి పత్రికలో రాయండి."

మేము పేరు వేయలేదు. ఎందుకు వేయలేదో, దానికి బదులు ఏం చేశామో ఈ సంపాదకీయం చివర చెబుతాము. అంతకంటే ముందు ఆమె రాసిన ఒక మాట దగ్గర ఆగాలి: "ఎవరికి చెప్పాలో తెలియక." చదువురాని ఒక్క సహోదరి అజ్ఞానం అనుకుంటే పొరపాటు. ఈ ఆదివారం మీ సంఘంలో చదువుకున్న పదిమందిని అడిగి చూడండి. తహసీల్దారు మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో చెబుతారు. ఎస్సై మీద ఎవరికి ఇవ్వాలో చెబుతారు. వార్డు కౌన్సిలరు తప్పుగా నడుచుకుంటే ఎవరికి చెప్పాలి అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎమ్మెల్యేకి చెప్పాలి అని ఎవరో ఒకరు అంటారు.

ఈ మాట ఇప్పుడే ఎత్తడానికి కారణం ఉంది. తెలంగాణ గ్రామాల్లో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పంచాయతీ, పురపాలక పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026తో నిండుతోంది. ఎవరు నిలబడుతున్నారు, ఎవరు గెలుస్తారు, ఏ వార్డు ఎవరికి రిజర్వు అయింది అన్న మాటలు చర్చి ఆవరణలోనూ వినబడుతున్నాయి. గెలిచినవాడు చెడ్డగా నడుచుకుంటే అడిగే చోటు ఏది అన్న మాట మాత్రం ఎక్కడా వినబడడం లేదు.

ఉన్న దారులు ఏవి?

దారులు అసలు లేవని మేము అనము. ఉన్నాయి. ఒక్కొక్కటి ఎక్కడికి పోతుందో చూద్దాం.

మొదటిది కలెక్టరు దారి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో 249వ సెక్షను, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో 37వ సెక్షను, పదవిని దుర్వినియోగం చేసిన సర్పంచును, నిధులు స్వాహా చేసిన సర్పంచును తొలగించే అధికారాన్ని జిల్లా కలెక్టరుకు ఇస్తున్నాయి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలి. ఇది పెద్ద గొడ్డలి. చెక్కుల మీద దొంగ సంతకాలు, పని చేయకుండా బిల్లులు లేపుకోవడం వంటి వాటికి అది సరిపోతుంది. ఒక పేద స్త్రీని నలుగురిలో అవమానించినందుకు, ఒక కుటుంబం పింఛను కాగితాన్ని కక్షతో తొక్కిపెట్టినందుకు కలెక్టరు గొడ్డలి ఎత్తడు. ఎత్తకపోతే ఇంకేమీ జరగదు. మందలింపు లేదు, బహిరంగ క్షమాపణ లేదు, తీసుకున్న డబ్బు తిరిగి ఇప్పించడం లేదు. తల తీయడం, లేకపోతే ఊరుకోవడం. ఈ రెండింటికీ మధ్య మెట్లు దాదాపు లేవు.

రెండోది అవిశ్వాస తీర్మానం. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారాక అనేక పురపాలక సంఘాల్లో చైర్మన్ల మీద అవిశ్వాసాలు వచ్చాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక అక్కడా అదే జరిగింది. 2025 ఏప్రిల్ 19న మహా విశాఖ నగర పాలక సంస్థలో అవిశ్వాసం నెగ్గి మేయరు పదవి పోయింది. ఏ పార్టీ ఒప్పు, ఏ పార్టీ తప్పు అన్నది మా విషయం కాదు. రెండు రాష్ట్రాల్లో, వేర్వేరు పార్టీల కాలంలో, ఒకే సంగతి కనిపించింది: అవిశ్వాసం లెక్కపెట్టేది తలలను, నడవడిని కాదు. పైన ప్రభుత్వం మారితే కింద చైర్మను చెడ్డవాడవుతాడు. క్యాంపుల నుంచి బస్సు దిగి చేతులెత్తిన సభ్యులు, ఆ వార్డులో ఒక విధవరాలికి ఏం జరిగిందో విచారించడానికి రాలేదు. పైగా ఈ తీర్మానం చైర్మను, మేయరు, మండలాధ్యక్షుడు వంటి పదవుల మీదే పెట్టగలరు. మామూలు వార్డు కౌన్సిలరుకు అది తగలదు.

మూడోది అవినీతి నిరోధక శాఖ. పురపాలక కౌన్సిలరు కూడా అవినీతి నిరోధక చట్టం కింద ప్రజాసేవకుడే అని 2013లో రాజస్థాన్‌కు చెందిన ఒక కౌన్సిలరు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కౌన్సిలరు ప్రభుత్వ ఉద్యోగి కాదు కాబట్టి లంచం కేసు పెట్టలేమని ఎవరైనా అంటే నమ్మవద్దు. అయితే ఆ శాఖ చేసేది నేర విచారణ. దానికి సాక్ష్యం కావాలి, మధ్యవర్తులు కావాలి, ఏళ్ల తరబడి కోర్టుకు తిరగాలి. ఎప్పుడో ఇచ్చేసిన పన్నెండు వేలకు రశీదు ఎక్కడ ఉంటుంది?

నాలుగోది లోకాయుక్త. ఆ సంస్థ విచారణ జరిపి సిఫారసు చేస్తుంది. చర్య తీసుకోవలసింది మళ్లీ ప్రభుత్వమే.

ఇక అందరికీ తెలిసిన దారి సోమవారం అర్జీ. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ తీసుకుంటారు, నంబరు వేస్తారు, సంబంధిత కార్యాలయానికి పంపుతారు. కౌన్సిలరు మీద ఇచ్చిన అర్జీ చివరికి ఆ పట్టణం మునిసిపల్ కమిషనరు బల్ల మీదికి చేరుతుంది. కమిషనరు ఆ కౌన్సిలరు కూర్చునే పాలకవర్గంతో రోజూ పనిచేయవలసినవాడు. తన బదిలీ ఎవరి చేతిలో ఉందో ఎరిగినవాడు. ఆయన ఎంత మంచివాడైనా ఈ తగవు తీర్చడానికి తగిన చోటులో కూర్చుని లేడు.

ఒక వింత చూడండి. తెలంగాణ పురపాలక చట్టం 2019, వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను వార్డు సభ్యుని మీద పెట్టింది. ఆ బాధ్యతను విస్మరిస్తే పదవికే ముప్పు. మొక్కల విషయంలో అంత స్పష్టంగా రాయగలిగిన చేతులు, మనుషులతో ఎలా నడుచుకోవాలి, నడుచుకోకపోతే ఏమవుతుంది అన్నది కూడా రాయగలవు.

మన సంఘాల్లో చాలామందికి ఇంకొక కష్టం ఉంది. కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది కదా అంటారు. క్రైస్తవ్యంలోకి వచ్చి ఆ విశ్వాసాన్ని ఆచరిస్తున్నవారు ఆ చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఫిర్యాదు చేసింది ఒక పాస్టరే. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. బాప్తిస్మము తీసుకున్నంత మాత్రాన ఊరిలో తిట్టేవాడి నోట్లో కులం మాయం కాదు. అలా తిట్టినవాడు ప్రజాప్రతినిధి అయితే, క్రిమినల్ కేసుతో పని లేకుండానే, ఆ పదవికి తగని నడవడి అని నిలదీసే చోటు ఒకటి ఉండాలి.

ఫిర్యాదే కత్తి అయినప్పుడు

ఇంతవరకు చదివిన వారికి ఒక్కటే అనిపించవచ్చు: ఫిర్యాదు చేసేవారి చేతికి ఇంకా బలమైన ఆయుధం ఇవ్వాలి అని. అక్కడే ఆగి ఆలోచించాలి.

మహారాష్ట్రలోని జళగావ్ జిల్లాలో ఒక గ్రామంలో ఒక మహిళ సర్పంచుగా గెలిచింది. ప్రభుత్వ స్థలంలో కట్టిన ఇంట్లో అత్తగారితో కలిసి ఉంటోందని గ్రామస్థులు కొందరు ఫిర్యాదు చేశారు. అధికారులు ఆమెను పదవికి అనర్హురాలిని చేశారు. 2024లో సుప్రీంకోర్టు ఆమె పదవిని తిరిగి నిలబెట్టింది. ఒక ఆడమనిషి తమ మీద నిర్ణయాలు చేయడం మింగుడుపడనివారు తెచ్చిన తగవుగా న్యాయస్థానం దాన్ని చూసింది. అదే సంవత్సరం ఛత్తీస్‌గఢ్‌లోని జష్పూర్ జిల్లాలో ఒక యువ మహిళా సర్పంచును నిర్మాణ పనులు ఆలస్యం చేసిందన్న నెపంతో తొలగించారు. సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టివేసి, ఆమెకు లక్ష రూపాయలు చెల్లించాలని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంతకు ముందే 2012లో, మహారాష్ట్రలోని ఉరణ్ పురపాలక సంఘం అధ్యక్షుని కేసులో, ప్రజలు ఎన్నుకున్నవారిని తొలగించడం ఉద్యోగిని తొలగించినంత తేలిక కాదని, ఆరోపణ గట్టిగా రుజువు కావాలని అదే న్యాయస్థానం చెప్పింది.

ఈ మూడు తీర్పులు మనకు దూరపు సంగతులు కావు. దళితవాడ నుంచి రిజర్వేషను మీద గెలిచిన సర్పంచు కుర్చీలో కూర్చోగానే, నిన్నటిదాకా ఎవరి మీదా ఫిర్యాదు చేయని పెద్దమనుషులు కాగితాలు, కలాలు తీయడం మన ఊళ్లలో కొత్త కాదు. గెలిచిన స్త్రీ పేరు మీద భర్తో, మరిదో పెత్తనం చేసి, తప్పు బయటపడినప్పుడు నోటీసు మాత్రం ఆమె పేరున వచ్చే ఇళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి. ఆ పెత్తనాన్ని అరికట్టే మార్గాలు చూడాలని సుప్రీంకోర్టు 2023లో కేంద్ర ప్రభుత్వానికి సూచించింది. దాని మీద వేసిన సంఘం 2025లో నివేదిక ఇచ్చి, అలా పెత్తనం చేసేవారికి కఠినమైన శిక్షలు ఉండాలని కోరింది.

కాబట్టి మనకు కావలసింది ఫిర్యాదు చేసినవారి వైపు మొగ్గే తక్కెడ కాదు, పదవిలో ఉన్నవారి వైపు మొగ్గేది కూడా కాదు. ఒకవైపు మాటే విని తీర్పు చెప్పేవాడు సగమే విన్నాడని సామెతల గ్రంథం 18వ అధ్యాయము మనకు నేర్పింది. గొప్పవాడని వెనుదీయకుండా, బీదవాడని పక్షపాతం చూపకుండా వినాలని మోషే న్యాయాధిపతులకు ఆజ్ఞాపించాడు. ఈ రెండూ కలిసి ఉండే చోటును ఎలా కట్టాలి అన్నదే అసలు ప్రశ్న.

నియమావళి రాస్తే చాలునా?

నాయకులకు ఒక నడవడి నియమావళి రాసిపెడితే సరిపోతుందని కొందరు మంచివారు అంటుంటారు. నియమావళి కావాలి, నిజమే. అదొక్కటే ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లాండు అనుభవం మంచి పాఠం.

ప్రజాజీవితంలో ఉన్నవారు పాటించవలసిన ఏడు సూత్రాలను నోలన్ ప్రభువు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1995లో అక్కడ ప్రకటించింది. నిస్వార్థం, చిత్తశుద్ధి, నిష్పక్షపాతం, జవాబుదారీతనం, దాపరికం లేకపోవడం, నిజాయితీ, నాయకత్వం అనేవి ఆ ఏడు. 2000లో వచ్చిన చట్టం కింద కౌన్సిలర్లపై ఫిర్యాదులు వినడానికి దేశమంతటికీ ఒక బోర్డు పెట్టారు. చిన్నచిన్న కీచులాటలన్నీ అక్కడికి చేరాయన్న విమర్శ వచ్చింది. 2011లో కొత్త చట్టం తెచ్చి ఆ బోర్డును ఎత్తివేసి, ప్రతి కౌన్సిలూ తన నియమావళిని తానే పెట్టుకోవాలని, సభ్యుల మీద ఫిర్యాదులను స్థానికంగానే చూసుకోవాలని అన్నారు. బయటి మనిషిని కనీసం ఒక్కరిని నియమించి, విచారణ జరిపిన ఫిర్యాదు మీద నిర్ణయానికి ముందు ఆయన అభిప్రాయం అడగాలన్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ సభ్యుణ్ణి సస్పెండు చేసే అధికారాన్ని అదే చట్టంతో తీసేశారు. తప్పు రుజువైనా మందలించవచ్చు, శిక్షణకు వెళ్లమని చెప్పవచ్చు, తీర్పును ప్రచురించవచ్చు. వెళ్లను, వినను అంటే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

2021 ఫిబ్రవరిలో హ్యాండ్‌ఫోర్త్ అనే ఊరి పారిష్ కౌన్సిలు ఆన్‌లైన్ సమావేశం వీడియో ప్రపంచమంతా తిరిగింది. మన ఫోన్లలోకీ వచ్చింది. పెద్దవయసు సభ్యులు ఒకరినొకరు కసురుకోవడం చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వు వెనుక ఉన్నది పళ్లు లేని చట్టం. 2019లోనే అక్కడి ప్రజాజీవిత ప్రమాణాల సంఘం, ఆరు నెలల వరకు భత్యం లేకుండా సస్పెండు చేసే అధికారం తిరిగి ఇవ్వాలని, దాని మీద అప్పీలు వినడానికి స్వతంత్ర అంబుడ్స్‌మన్ ఉండాలని కోరింది. 2022లో ప్రభుత్వం కాదంది. 2024 డిసెంబరులో తర్వాతి ప్రభుత్వం మళ్లీ ఆ ప్రతిపాదననే ప్రజల ముందు పెట్టింది. పక్కనే ఉన్న వేల్స్‌లో ఫిర్యాదును స్వతంత్ర అంబుడ్స్‌మన్ విచారిస్తాడు. పెద్ద తప్పులు వేరే ట్రిబ్యునలుకు వెళ్తాయి. ఆ ట్రిబ్యునలు ఏడాది వరకు సస్పెండు చేయగలదు, ఐదేళ్ల వరకు అనర్హుణ్ణి చేయగలదు.

మనకు మధ్య మెట్లు దాదాపు లేక పెద్ద గొడ్డలే మిగిలింది. వారికి కింది మెట్లు ఉన్నాయి, పైమెట్టు విరిగిపోయింది. రెండు చోట్లా నష్టపోయేది గుమ్మం దగ్గర అర్జీ పట్టుకుని నిలబడిన మనిషే.

మన దేశంలోనే ఉన్న మాదిరి

అంబుడ్స్‌మన్ అంటే పాలించేవారి మీద ప్రజల ఫిర్యాదులు వినే స్వతంత్ర న్యాయాధికారి. ఇది విదేశీ సరుకు అనుకోనక్కరలేదు. కేరళలో స్థానిక సంస్థలకు ప్రత్యేకంగా ఒక అంబుడ్స్‌మన్ ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాడు. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు ఆ స్థానంలో కూర్చుంటారు. పంచాయతీ, పురపాలక సభ్యుల మీదా, అక్కడి ఉద్యోగుల మీదా వచ్చే ఫిర్యాదులు అక్కడికి వెళ్తాయి. కేంద్రం నియమించిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో, కొన్ని జిల్లాలకు కలిపి ఒకరు చొప్పున అటువంటి అంబుడ్స్‌మన్ అన్ని రాష్ట్రాల్లో ఉండాలని సిఫారసు చేసింది. 2010 నుంచి 2015 వరకు నిధుల పంపిణీ నిర్ణయించిన 13వ ఆర్థిక సంఘం, స్థానిక సంస్థలకు పనితీరు గ్రాంటు కావాలంటే స్వతంత్ర అంబుడ్స్‌మన్ ఏర్పాటు ఉండాలని షరతు కూడా పెట్టింది. అంటే మేము కొత్తగా ఏదో కోరడం లేదు. ప్రభుత్వాలు నియమించిన పెద్దలే రెండుసార్లు రాసి ఇచ్చిన మాటను గుర్తు చేస్తున్నాం.

మా దృష్టికి అయిదు సంగతులు ముఖ్యం. మొదటిది, సర్పంచు నుంచి మేయరు దాకా అందరికీ వర్తించే నడవడి నియమావళి ఒకటి తెలుగులో, సామాన్యునికి అర్థమయ్యేలా రాసి, పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించాలి. రెండోది, ఫిర్యాదు ఇచ్చినవారికి రశీదు, విచారణకు గడువు ఉండాలి. మూడోది, వినేవారు పార్టీలకూ ఎమ్మెల్యేకూ మునిసిపల్ కమిషనరుకూ సంబంధం లేనివారై ఉండాలి. నాలుగోది, తప్పుకు తగిన మెట్లు ఉండాలి: క్షమాపణ, డబ్బు తిరిగి ఇప్పించడం, కొన్ని నెలల సస్పెన్షను, ఆ తర్వాతే తొలగింపు. అయిదోది, విచారణ ముగిసేదాకా ఆరోపణ ఎదుర్కొంటున్నవారి పేరు వీధిలో పడకూడదు, ఫిర్యాదు చేసినవారి పింఛను, రేషను, ఇంటి కాగితం కదలకూడదు. చివరిది లేకపోతే మిగతా నాలుగూ వ్యర్థం. పేదవాడి నోరు మూయించేది చట్టం తెలియకపోవడం ఒక్కటే కాదు, వచ్చే నెల పింఛను ఆగిపోతుందేమోనన్న భయం కూడా.

మన ఇంటి సంగతి

ప్రభుత్వానికి ఇన్ని చెప్పిన మనం మన సంఘంలో ఏం చేస్తున్నాం?

యెరూషలేములోని మొదటి సంఘంలో అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అది జాబితాలో పేరు లేని విధవరాండ్ర ఫిర్యాదే. మా ఉత్తరంలోని సహోదరి ఫిర్యాదూ అదే. అపొస్తలులు ఏం చేశారో కార్యముల గ్రంథం ఆరో అధ్యాయము చెబుతుంది. సణిగినవారిని గద్దించలేదు. ఇది శత్రువుల కుట్ర అనలేదు. ప్రార్థించి ఊరుకోండి అని పంపివేయలేదు. అందరినీ పిలిచి, మంచిపేరు గలవారిని ఏడుగురిని ఎంచుకోమని, వారికి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం బైబిలు పండితులు గమనించిన సంగతి. నష్టపోయినవారి పక్షం నుంచే బాధ్యులు వచ్చారన్నమాట.

ఇక తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయములో పౌలు రెండు సంగతులు పక్కపక్కనే పెట్టాడు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దన్నాడు. తప్పు చేసినవారిని మాత్రం అందరి ఎదుట గద్దించమన్నాడు. మనం మొదటిదాన్ని మన పెద్దల కోసం కంఠస్థం చేశాం. రెండోదాన్ని మరచిపోయాం.

ఇందులో మా తప్పు కూడా ఉంది. చాలా ఏళ్ల క్రితం మేము ఒక సంఘంలో పరిచర్య చేస్తుండగా, ఒక యౌవనస్థురాలు వచ్చి వార్డు మెంబరైన మన విశ్వాసి ఒకరి గురించి ఒక మాట చెప్పింది. బయట తెలిస్తే సంఘానికి నామోషీ అనుకున్నాం. "అమ్మా, ప్రార్థనలో పెట్టు" అని పంపేశాం. ఆమె ప్రార్థనలో పెట్టిందో లేదో తెలియదు కానీ ఆ తర్వాత గుడికి రాలేదు. ఆయన రెండోసారి కూడా గెలిచాడు. సంఘం పేరు కాపాడామనుకున్న రోజే ఆ సంఘం ఒక బిడ్డను పోగొట్టుకుంది. ఈ మాట ఇన్నేళ్లకు రాస్తున్నందుకు సిగ్గుపడుతున్నాం.

అందుకని తోటి పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు కొన్ని మనవులు. అభ్యర్థికి సంఘం లెటరుహెడ్ మీద మంచి నడవడి పత్రం రాసి ఇవ్వకండి. గెలిచినవానికి పూలమాల వేసే వేదిక బలిపీఠం ముందు కట్టకండి. సంఘ పెద్దగా ఉన్నవారు ఎన్నికల్లో నిలబడితే, పదవి ఉన్నంతకాలం సంఘ లెక్కలకు, నిర్ణయాలకు దూరంగా ఉండమని ప్రేమతో అడగండి. సభ్యులెవరైనా ఫిర్యాదు తెస్తే తేదీ, చోటు, సాక్షులు ఎవరు అన్నది రాసుకోండి. అర్జీ రాయడంలో సాయపడండి. సోమవారం కలెక్టరేటుకు వెళ్లేటప్పుడు ఒకరిని తోడు పంపండి. రశీదు లేకుండా వెనక్కి రావద్దని చెప్పండి. ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. ఎవరైనా ఇప్పుడే లంచం అడుగుతుంటే, ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు చెప్పండి. ఇచ్చేశాక సాక్ష్యం దొరకడం కష్టం.

ఆ ఉత్తరం ఏమైంది?

ఆ సహోదరి రాసినదంతా నిజమే కావచ్చు. అయినా ఒక్క ఉత్తరం మీద ఒక మనిషి పేరు వేలమంది చదివే చోట పెట్టే అధికారం మాకు లేదు. అది విచారణ లేకుండా వేసే శిక్ష. పైన మహిళా సర్పంచులకు జరిగినదాన్ని తప్పు అన్నాము కాబట్టి, అదే తప్పు మేము చేయకూడదు.

ఆమెకు జవాబు రాశాం. ఆ ఊరి పాస్టరుగారితో మాట్లాడాం. ఆయన మొదట వెనుకాడారు. ఎదుటి మనిషి సంఘానికి ప్రహరీ గోడ కట్టించినవాడు. తర్వాత ఆయనే ఆమె దగ్గర కూర్చుని అర్జీ రాయించి, సోమవారం తోడు వెళ్లి ఇప్పించారు. కౌన్సిలరుతోనూ మాట్లాడారు. తాను రూపాయి తీసుకోలేదని, తన పేరు చెప్పి ఎవడో తీసుకుంటే తనకేం సంబంధమని ఆయన అన్నారట. అది నిజమో కాదో మేము చెప్పలేము. విచారించేవారు చెప్పాలి. ఇది రాస్తున్న రోజుకు విచారణకు ఎవరూ రాలేదు. అర్జీ రశీదు మాత్రం ఆమె బైబిలులో పెట్టుకుందని పాస్టరుగారు చెప్పారు.

"ఎవడో తీసుకుంటే నాకేం సంబంధం" అన్న మాట దగ్గర మాకు సమూయేలు జ్ఞాపకం వచ్చాడు. వృద్ధాప్యంలో ఆయన ఇశ్రాయేలీయులందరి ముందు నిలబడి, తాను ఎవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసుకున్నానా, ఎవరినైనా బాధపెట్టానా, లంచం పుచ్చుకున్నానా, ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడగకుండానే తానే ఫిర్యాదులను పిలిచిన నాయకుడు ఆయన. అయితే లంచాలు తీసుకున్నది ఆయన కుమారులు. ప్రజల పెద్దలు ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పారు. ఆయనకు బాధ కలిగింది. అయినా వారి నోరు మూయించలేదు.

రేపు మన ఓటు అడగడానికి వచ్చేవారిని, మన సంఘస్థులైనా సరే, ఒక్క ప్రశ్న అడుగుదాం: మీ మీద, మీ మనుషుల మీద ఫిర్యాదు వస్తే మేము ఎవరికి చెప్పాలి? స్వతంత్రంగా వినే ఒక న్యాయాధికారి కావాలని మాతో కలిసి మీరు అడుగుతారా? జవాబు చెప్పేవారికి ఓటు వేయండని మేము అనడం లేదు. ఈ ప్రశ్న వినగానే ముఖం ముడుచుకునేవారి గురించి మాత్రం ప్రార్థనాపూర్వకంగా ఆలోచించండి.

ఆ సహోదరి కోసం ప్రార్థించండి. ఆ కౌన్సిలరు కోసం కూడా ప్రార్థించండి. మీ వీధిలో అటువంటి ఉత్తరం రాయాలనుకుని రాయలేకపోతున్నవారు ఎవరైనా ఉన్నారేమో, ఈ వారం వెళ్లి పలకరించండి.